లేని పేరుకూ ఒక చోటు

ఫోనులో ఊరి పేరు రెండక్షరాలు కొట్టీ కొట్టకముందే మిగతా పేరు తెర మీద ప్రత్యక్షమవుతుంది. దేశంలో ఇన్ని లక్షల ఊళ్లుండగా మన ఊరి పేరు అంత త్వరగా ఎలా దొరుకుతుంది? కంప్యూటర్ల గురించి మాటలు మొదలైతే ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. యంత్రానికి వేగం ఎక్కువ కదా అని సర్దిచెప్పుకుంటాం. అది సగం జవాబే. 2011 జనగణన ప్రకారం దేశంలో గ్రామాలు 6 లక్షల 40 వేలకు పైనే. అడిగేది ఒక్కరే అయితే మొత్తం జాబితాను మొదటి నుంచి చివరిదాకా చదివినా యంత్రానికి పెద్ద శ్రమ కాదు. ఒకే క్షణంలో వేలమంది అడిగితే? ఆ జాబితా ఊళ్లది కాక, 140 కోట్ల మనుషులదైతే? అప్పుడు వేగం ఒక్కటే చాలదు, ఉపాయం కావాలి.

దీనికంటే లోతైన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ అంతగా అడగరు. ఉన్న పేరు దొరికిందంటే సరే, లేని పేరును "లేదు" అని యంత్రం ఎలా చెప్పగలుగుతోంది? అన్నీ చూడకుండా లేదని చెప్పడానికి దానికున్న ధైర్యం ఏమిటి?

ఈ అధ్యాయంలో మనం వెతకబోయే పేరు రామతీర్థం. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని ఊరు. కొండ దిగువన రామాలయం, చుట్టూ ఉన్న కొండల మీద బౌద్ధ, జైన అవశేషాలు ఉన్న పాత క్షేత్రం. పేరు చెబితే ఊరి వివరాలు రావాలి. వెతకడానికి వాడే పేరును ప్రోగ్రామర్లు కీ అంటారు. మనం ఆనవాలు అందాం. దాని వెంట వచ్చే మండలం, జిల్లా లాంటివన్నీ వివరాలు. ఆనవాళ్లను ఒక వరుసలో పేర్చి, ఒక్కోదానికీ దాని వివరాలను జతచేసి ఉంచుకునే ఏర్పాటును సార్టెడ్ మ్యాప్ అంటారు. మనం వరుస పట్టిక అనుకుందాం.

పద్యాల నుంచి అకారాదికి

వరుస పట్టిక కంప్యూటరుతో పుట్టినది కాదు. నిఘంటువు తెరిచిన ప్రతి మనిషీ దాన్ని వాడినవాడే. అయితే నిఘంటువు అంటే అకారాది క్రమంలోనే ఉండాలన్న నియమం మన దగ్గర మొదటినుంచీ లేదు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం పద్యాల్లో ఉంటుంది. దేవతల పేర్లు ఒక వర్గుగా, మనుషులకు సంబంధించినవి ఒక వర్గుగా, ఇలా విషయాన్నిబట్టి మాటలను కూర్చాడు. అందులో చేరని మాటలతో 18వ శతాబ్దంలో ఆంధ్రనామశేషం రాసినవాడు ఆడిదం సూరకవి. విజయనగరం పూసపాటివారి కొలువులో పేరుమోసిన కవి ఆయన, అంటే మన రామతీర్థం ప్రాంతం వాడే.

ఆ గ్రంథాలు కంఠస్థం చేయడానికి పుట్టినవి. ఆ పనికి ఛందస్సు గొప్ప సాధనం, అందులో సందేహం లేదు. కాని ఒక మాట అందులో ఉందో లేదో తేల్చాలంటే? పద్యాలు ఒకటి తరువాత ఒకటి చదువుకుంటూ పోవాలి. ఉంటే మధ్యలో ఎక్కడో ఆగుతాం. లేకపోతే చివరి పద్యం దాకా పోతేగాని లేదని చెప్పలేం. పైగా ఏ వర్గులో వెతకాలో తెలియాలంటే మాటకు అర్థం ముందే కొంత తెలిసి ఉండాలి.

1852లో వచ్చిన బ్రౌను నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం అకారాదిగా నడుస్తాయి. వాటిని వాడేవారు కంఠస్థం చేయనక్కర్లేదు, అర్థం ముందే తెలియనక్కర్లేదు. వర్ణమాల ఒక్కటి వస్తే చాలు. పుస్తకాన్ని మధ్యకు తెరిచి, కావలసిన మాట ముందుందో వెనకుందో చూసి, అటు కొన్ని పుటలు తిప్పి మళ్లీ చూస్తారు. కంప్యూటరు చేసేదీ ఇదే. కాకపోతే మనం సుమారుగా తెరుస్తాం, అది సరిగ్గా సగానికి తెరుస్తుంది.

పదిహేను ఊళ్లు

ఉత్తరాంధ్రలోని పదిహేను పేర్లను అకారాదిగా రాసుకుందాం: 1 ఆమదాలవలస, 2 ఇచ్ఛాపురం, 3 కొత్తవలస, 4 గజపతినగరం, 5 చీపురుపల్లి, 6 టెక్కలి, 7 నరసన్నపేట, 8 నెల్లిమర్ల, 9 పలాస, 10 బొబ్బిలి, 11 రాజాం, 12 రామతీర్థం, 13 రామభద్రపురం, 14 విజయనగరం, 15 శ్రీకాకుళం.

రామతీర్థం కావాలి. నట్టనడుమ ఉన్నది ఎనిమిదవది, నెల్లిమర్ల. 'రా' అనేది 'నె' తరువాత వస్తుంది కాబట్టి మొదటి ఎనిమిది పేర్లతో ఇక పనిలేదు. మిగిలినవి 9 నుంచి 15. వాటి నడుమ పన్నెండవది, అదే రామతీర్థం. రెండు పోలికలతో దొరికింది. రామభద్రపురం వెతికితే నెల్లిమర్ల, రామతీర్థం, విజయనగరం, చివరికి రామభద్రపురం, మొత్తం నాలుగు పోలికలు. ఈ పదిహేనింటిలో ఏ పేరుకైనా నాలుగుకు మించవు.

ఇప్పుడు ఈ జాబితాలో లేని పేరు, రామచంద్రపురం, వెతుకుదాం. నెల్లిమర్ల తరువాతిది. రామతీర్థంతో పోలిస్తే 'రామ' దాకా ఒకటే. ఆపైన 'చ', 'త'కు ముందుంది కాబట్టి ఇవతలి వైపు రావాలి. మిగిలినవి 9, 10, 11. నడుమ ఉన్న బొబ్బిలి తరువాతిది. రాజాం తరువాతిది కూడా. రాజాంకూ రామతీర్థానికీ మధ్య మరో పేరు లేదు. నాలుగు పోలికలతో తేలిపోయింది: రామచంద్రపురం ఇందులో లేదు. పదిహేనింటిలో పదకొండు పేర్లను అసలు ముట్టుకోనేలేదు. వాటిని చూడనవసరం లేదని వరుస హామీ ఇస్తోంది. ఇందాకటి ధైర్యం ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

పేర్లు పెరిగే కొద్దీ ఈ ఉపాయం సత్తా తెలుస్తుంది. జాబితా రెండింతలైతే పోలిక ఒక్కటే పెరుగుతుంది. దేశంలోని 6 లక్షల 40 వేల గ్రామాలకు 20 పోలికలు చాలు. 140 కోట్ల మందికి 31. సగానికి సగం వెతికే ఈ పద్ధతినే బైనరీ సెర్చ్ అంటారు. 1946లో జాన్ మాక్లీ తన ఉపన్యాసంలో దీన్ని ప్రస్తావించాడు. చూడడానికి ఇంత తేలికైనదాన్ని తప్పు లేకుండా రాయడం మాత్రం తేలిక కాలేదు. జావా భాషతోపాటు ఇచ్చిన బైనరీ సెర్చ్‌లో ఒక లోపం దాదాపు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడలేదు. 2006లో దాని రచయిత జాషువా బ్లాకే దాన్ని బయటపెట్టాడు. నడుమ స్థానం తెలియడానికి మొదటి అంకెనూ చివరి అంకెనూ కూడి సగం చేస్తారు. జాబితాలో సుమారు 107 కోట్లకు మించి పేర్లుంటే ఆ కూడిక మొత్తం యంత్రం పట్టగలిగిన 214 కోట్ల హద్దు దాటి రుణసంఖ్యగా మారిపోతుంది. ఆ ప్రోగ్రాము రాసిన రోజుల్లో అంత పెద్ద జాబితాలు ఎవరి దగ్గరా లేవు, అందుకే అది దాగి ఉంది.

కొత్త పేరు వచ్చినప్పుడు

అచ్చయిన నిఘంటువులో మాటలు కదలవు. ఊళ్ల పట్టిక అలా కాదు. పై జాబితాలో పార్వతీపురాన్ని చేర్చాలంటే పలాసకూ బొబ్బిలికీ మధ్య చోటు చేయాలి. అంటే బొబ్బిలి నుంచి శ్రీకాకుళం దాకా అన్నీ ఒక్కో గడి జరగాలి. ఆరు పేర్లయితే పరవాలేదు. లక్షల పేర్లున్నచోట, నిమిషానికి వందల చేర్పులు జరిగేచోట, ఈ జరపడమే పెద్ద పనవుతుంది.

అందుకని పేర్లను వరుస గడుల్లో కాక చెట్టులా కడతారు. ఒక్కో పేరు దగ్గర రెండు దారులు ఉంటాయి. తనకన్నా ముందు వచ్చేవాటికి ఎడమ దారి, తరువాత వచ్చేవాటికి కుడి దారి. మొదట నెల్లిమర్ల. దాని ఎడమన గజపతినగరం, కుడిన రామతీర్థం. రామతీర్థానికి ఎడమన బొబ్బిలి, కుడిన విజయనగరం. బొబ్బిలికి ఎడమన పలాస, కుడిన రాజాం. పార్వతీపురం వస్తే నెల్లిమర్ల దగ్గర కుడికి, రామతీర్థం దగ్గర ఎడమకు, బొబ్బిలి దగ్గర ఎడమకు, పలాస దగ్గర కుడికి తిరుగుతుంది. అక్కడ ఖాళీ. అక్కడే తగిలిస్తే సరి, ఏ పేరూ కదలలేదు. లేని పేరును వెతుకుతూ పోయి ఏ ఖాళీ దగ్గర ఆగుతామో, ఆ పేరును చేర్చవలసిన చోటు కచ్చితంగా అదే. వెతకడమూ చేర్చడమూ ఒకే నడక.

ఇందులో ఒక చిక్కు ఉంది. పేర్లు ముందే అకారాదిగా వచ్చాయనుకోండి. ప్రతి కొత్త పేరూ కుడికే, ఇంకా కుడికే పోయి చెట్టు కాస్తా ఒంటికొమ్మ అవుతుంది. చక్కగా సర్దిన జాబితా ఇచ్చినందుకే వెతుకులాట మళ్లీ పద్యాల నిఘంటువు దశకు జారుతుంది. 1962లో సోవియట్ గణితజ్ఞులు అడెల్సన్-వెల్‌స్కీ, లాండిస్ దీనికి మందు కనిపెట్టారు. ఏ పేరు దగ్గరైనా ఎడమ కొమ్మ ఎత్తుకూ కుడి కొమ్మ ఎత్తుకూ తేడా ఒకటికి మించకూడదన్నది వారి నియమం. మించితే అక్కడికక్కడ రెండు మూడు పేర్ల దారులను మార్చి కట్టి బరువు సరిచేస్తారు. అకారాది వరుస చెడదు, ఎత్తు తగ్గుతుంది. ఈ నియమం పాటిస్తే 6 లక్షల 40 వేల పేర్లకు ఏ స్థితిలోనూ పోలికలు 28కి మించవు.

1978లో గీబాస్, సెడ్జ్‌విక్ వివరించిన ఎరుపు-నలుపు చెట్టు ఇంకొంచెం సడలింపు ఇస్తుంది. పోలికలు 36 దాకా పోవచ్చు, బదులుగా సరిచేసే పని తగ్గుతుంది. జావాలోని ట్రీమ్యాప్ ఈ రకమే. సి++ భాషలోని మ్యాప్‌ను కూడా సాధారణంగా ఇలాగే కడతారు.

పట్టిక డిస్కు మీద ఉంటే లెక్క మారుతుంది. అక్కడ పోలిక చవక, డిస్కు నుంచి ఒక పుట తెచ్చుకోవడం ఖరీదు. బోయింగ్ విమాన సంస్థ పరిశోధనశాలలో పనిచేస్తూ బేయర్, మెక్రైట్ 1970లో బి-ట్రీ రూపొందించారు. అందులో ఒక్కో పుటలో వందల ఆనవాళ్లు పెట్టి, పుటకు రెండు దారులు కాక వందల దారులు తీస్తారు. పుటకు 200 దారులైతే మూడు పుటలు తిరగేస్తే 80 లక్షల పేర్లు అందుతాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ వంటి డేటాబేస్‌లు ఈ కుటుంబం మీదే నడుస్తున్నాయి.

ఏది ముందు, ఏది వెనక

ఇంతవరకూ "అకారాది క్రమం" అని తేలిగ్గా అన్నాం. తెలుగువాళ్లం ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే.

రామతీర్థం మన కంటికి నాలుగక్షరాలు: రా, మ, తీ, ర్థం. కంప్యూటరుకు తొమ్మిది సంకేతాలు: ర, ఆ గుర్తు, మ, త, ఈ గుర్తు, ర, పొల్లు, థ, సున్న. ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలు కేటాయించిన యూనికోడ్ ప్రమాణం 1991లో వచ్చింది. మన లిపికి అందులో 128 గడుల చోటు దక్కింది. భారతీయ లిపులన్నీ ఒకే మూసలో ఉండాలని, అప్పటికే ఉన్న ఇస్కీ ప్రమాణాన్ని అనుసరించి, ఒకే రకమైన అక్షరాన్ని ప్రతి లిపిలోనూ ఒకే స్థానంలో పెట్టారు. ఆ ఏర్పాటువల్ల మేలు జరిగింది. అయితే ఆ గడుల వరుస, మనం పలక మీద దిద్దిన వర్ణమాల వరుస అన్నిచోట్లా ఒకటి కాదు.

శ్రీకాకుళం జిల్లాలోనే చూడండి. కళింగపట్నం, కవిటి. బడిలో నేర్చిన వరుసలో 'ళ', 'హ' తరువాత వస్తుంది. కాబట్టి కవిటి ముందు, కళింగపట్నం వెనక. యూనికోడ్ గడుల్లో 'ళ'ను 'ల' పక్కన, 'వ'కు ముందు ఉంచారు. కాబట్టి కళింగపట్నం ముందు. సున్న సంగతి ఇంకా విడ్డూరం. గుణింతంలో 'సం', 'సౌ' తరువాతిది. యూనికోడ్‌లో సున్న గడి అచ్చులకన్నా, హల్లులకన్నా ముందుంది. అందుచేత సంతకవిటి గుణింతం లెక్కన సోంపేట తరువాత వస్తుంది, సంకేతాల లెక్కన సరుబుజ్జిలికీ, సాలూరుకూ కూడా ముందే కూర్చుంటుంది.

సంకేతాల వరుస తప్పని నేననను. యంత్రానికి అది చాలు, వేగంగానూ ఉంటుంది. కాని తెలుగు పాఠకుడి ముందుకు వచ్చే జాబితా తెలుగు వరుసలో ఉండాలి. భాషనుబట్టి వరుస మార్చుకునే నియమాలను యూనికోడ్ సంస్థే విడిగా ప్రచురించింది కూడా. వాటిని వాడకుండా వదిలేసిన తెలుగు జాబితాలు ఇంకా ఎన్నో కనిపిస్తుంటాయి. మన పిల్లలు వర్ణమాల నేర్చుకుని, ఆ వర్ణమాల పనికిరాని జాబితాల్లో వెతుక్కోవలసి రావడం నాకు బాధగా ఉంటుంది.

ఏ వరుస ఎంచుకున్నా పట్టికను కట్టినప్పుడూ వెతికినప్పుడూ అదే వరుస ఉండాలి. సంకేతాల వరుసలో కట్టిన చెట్టులో బడి వరుసతో కళింగపట్నాన్ని వెతికామనుకోండి. మొదట కవిటి ఎదురైతే కుడికి తిరుగుతాం. కళింగపట్నం ఎడమన ఉంది. ఉన్న పేరునే లేదని చెప్పి వెనక్కి వస్తాం. ఇలాంటప్పుడు ప్రోగ్రాము ఆగదు, ఏ హెచ్చరికా చేయదు. ఆ ఊరి వివరాలు పట్టికలో భద్రంగానే ఉంటాయి, దారి మాత్రం ఉండదు.

"లేదు" అన్న తరువాత

ఆనవాళ్లను వెతకడానికి హ్యాష్ పట్టిక అనే మరో సాధనం ఉంది. పేరులోని సంకేతాలతో ఒక లెక్క వేసి, వచ్చిన అంకెనుబట్టి నేరుగా ఒక గడికి పోతుంది. సూటి ప్రశ్నకు అది వరుస పట్టిక కన్నా సాధారణంగా వేగం. అయితే పక్కపక్క పేర్లు అందులో చెల్లాచెదురవుతాయి. అడిగిన పేరు లేకపోతే లేదంటుంది, అంతే.

వరుస పట్టిక అక్కడితో ఆగదు. పేరు లేకపోయినా దాని చోటు ఏదో చెబుతుంది, ఆ చోటుకు అటూ ఇటూ ఉన్నదెవరో చెబుతుంది. రామతీర్థాన్ని చాలామంది ఒత్తు 'ధ'తో రామతీర్ధం అని రాస్తారు. అలా రాసి మన పదిహేను పేర్లలో వెతికితే దొరకదు. నెల్లిమర్ల, రామతీర్థం, విజయనగరం, రామభద్రపురం చూసి, రామతీర్థానికీ రామభద్రపురానికీ మధ్య ఖాళీలో ఆగుతాం. దానికి ఇవతలి పేరేమిటని అడిగితే రామతీర్థం అని జవాబు వస్తుంది. జావాలో దీన్ని ఫ్లోర్ కీ, అవతలిదాన్ని సీలింగ్ కీ అంటారు. పొరపాటు పేరు చివర్లో జరిగితేనే ఇది బాగా పనిచేస్తుంది. ముందు శ్రీ తగిలించి శ్రీరామతీర్థం అని రాస్తే పేరు ఎక్కడో శ్రీకాకుళం పక్కకు పోతుంది. దానికి వేరే ఉపాయాలు కావాలి.

ఫోను ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మీరు "రామ" అని కొట్టారు. ఆ పేరుతో ఊరు లేదు. యంత్రం "రామ" ఉండవలసిన చోటు పట్టుకుంటుంది, దాని తరువాతి పేరు నుంచి వరుసగా నడుస్తుంది: రామతీర్థం, రామభద్రపురం. తరువాతిది విజయనగరం, "రామ"తో మొదలవ్వదు, అక్కడ ఆగుతుంది. ఆరు లక్షల పేర్లలోనైనా చోటు పట్టుకోవడానికి 20 పోలికలు, ఆపైన చూపించవలసిన పేర్లు ఎన్నో అన్ని అడుగులు.

కొత్తగా సి++ నేర్చుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అందులోని మ్యాప్‌ను చదరపు బ్రాకెట్లతో ఒక పేరు అడిగితే, ఆ పేరు లేకపోతే ఖాళీ వివరాలతో దాన్ని పట్టికలో చేర్చేస్తుంది. రామతీర్ధం ఉందా అని అడిగినంత మాత్రాన రామతీర్ధం అనే లేని ఊరు పుడుతుంది. తరువాత అడిగినవాళ్లకు అది ఉన్నట్టే కనిపిస్తుంది. ఉందో లేదో తెలుసుకోవడమే పనైతే ఫైండ్ అనే ఆదేశం వాడాలి. అది పట్టికను ముట్టుకోకుండా చూసి వస్తుంది.

రెండు రామతీర్థాలు

నెల్లూరు జిల్లా సముద్రతీరంలో కూడా ఒక రామతీర్థం ఉంది. ఒక ఆనవాలుకు ఒకే వివరమన్నది పట్టిక నియమం. రెండోది వస్తే మొదటిదాని వివరాలు చెరిగిపోతాయి, లేదా రెండోదాన్ని చేర్చుకోదు. అందుకని ఊరి పేరు ఒక్కటే కాక జిల్లా, మండలం, ఊరు మూడూ కలిపి ఒక ఆనవాలు చేస్తారు. పోల్చేటప్పుడు ముందు జిల్లా, అది సమానమైతే మండలం, అదీ సమానమైతే ఊరు. ఈ వరుసలో నెల్లిమర్ల మండలంలోని ఊళ్లన్నీ ఒకచోట గుంపుగా ఉంటాయి, ఒక్క నడకలో అన్నీ తీయవచ్చు. కాని జిల్లా తెలియనివాడు వచ్చి రామతీర్థం అని ఊరి పేరొక్కటే చెబితే ఈ పట్టిక సాయపడదు. నెల్లూరుదీ విజయనగరందీ దూరదూరంగా ఉంటాయి. మొత్తం చదవాల్సిందే.

ఆనవాలులో జిల్లా పేరు పెట్టడంలో మరో ఇబ్బంది ఉంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు వచ్చింది. సాలూరు విజయనగరం నుంచి కొత్త పార్వతీపురం మన్యం జిల్లాలోకి పోయింది. పట్టికలో రాజాం ఉన్నచోటే జిల్లా పేరు దిద్దితే అది 'శ' పేర్ల గుంపులో 'వి' పేరుగా మిగిలిపోతుంది, ఎవరికీ దొరకదు. పాత ఆనవాలు తీసేసి, కొత్తది దాని సరైన చోట చేర్చాలి. సి++ మ్యాప్ చేర్చిన ఆనవాలును దిద్దనివ్వకపోవడానికి కారణం ఇదే.

ఊరి పేరుతో వెతికేవాళ్లకోసం రెండో వరుస పట్టిక కట్టాలి. అందులో ఊరి పేరు ముందు, జిల్లా, మండలం తరువాత. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాషకు చేసిన సేవలో ఈ సంగతి కనిపిస్తుంది. ఆయన ఇంగ్లీషు–సవర నిఘంటువు, సవర–ఇంగ్లీషు నిఘంటువు రెండూ కూర్చాడు. రెండోది 1938లో అచ్చయింది. ఒక దిక్కున పేర్చిన నిఘంటువు రెండో దిక్కున వెతికేవాడికి అక్కరకు రాదు. సవర మాట విని అర్థం తెలుసుకోవాలనుకునేవాడికి ఒకటి, సవరలో మాట్లాడాలనుకునేవాడికి మరొకటి కావాలి.

డేటాబేస్‌లలో ఈ అదనపు పట్టికలను ఇండెక్స్‌లు అంటారు. ప్రతి ఇండెక్స్‌ వల్లా ఒక రకం ప్రశ్న తేలికవుతుంది, ప్రతి చేర్పూ మార్పూ కొంత బరువెక్కుతుంది. ఎన్ని ఉంచాలన్నది జనం ఏమి అడుగుతారో చూసి తేల్చుకోవలసిందే. రాజాం జిల్లా మారినప్పుడు రెండు పట్టికల్లోనూ మార్చాలి. ఒకదానిలో మార్చి రెండోదానికి వచ్చేలోగా కరెంటు పోతే, ఒక తెర మీద రాజాం విజయనగరం జిల్లాలో, మరో తెర మీద ఇంకా శ్రీకాకుళం జిల్లాలో కనిపిస్తుంది. అందుకే డేటాబేస్‌లు ఈ మార్పులన్నిటినీ కలిపి ఒకే పనిగా కడతాయి. అన్నీ పూర్తయితేనే జరిగినట్టు, ఒక్కటి ఆగినా ఏదీ జరగనట్టు లెక్క.